పిల్లని పంపే ముందు

పిల్లల్ని ఎమ్మెస్‌కి అమెరికా పంపడం గురించి మన ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఎవరు ఎంత అప్పు చేశారో, ఏ కోర్సుకి ఏ ఉద్యోగం వస్తుందో వీధి అరుగు మీద కూర్చుంటే చాలు, చెబుతారు. డిగ్రీ ఇక్కడిదే, మధ్యలో ఒక్క ఏడాది మాత్రం వేరే దేశపు యూనివర్సిటీలో చదివి రావాలి అంటే ఎవరికీ ఓ పట్టాన అంతుపట్టదు. స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ అనే ఆ ఏడాది గురించే బందరులో నాకు దగ్గరైన ఒక ఇంట్లో అన్నాచెల్లెళ్ళ మధ్య గట్టి వాదం జరిగింది. అన్నయ్య బ్యాంకు ఉద్యోగి. చెల్లెలు హైదరాబాదులో కెమిస్ట్రీ ప్రొఫెసరు. పీహెచ్‌డీ చేసే రోజుల్లో డీఏఏడీ స్కాలర్‌షిప్ మీద జర్మనీలోని గోట్టింగెన్‌లో ఉండి వచ్చింది. అన్నయ్య కూతురు బుజ్జి విజయవాడ హాస్టల్లో ఉంటూ మెకానికల్ రెండో ఏడాది చదువుతోంది. మూడో ఏడాదికి జర్మనీలోని ఆఖెన్‌కి ఎంపికైంది. వెళ్ళడమా మానడమా అన్న దగ్గర మొదలై, వెళ్తే ఎలా తయారై వెళ్ళాలన్న దాకా సాగింది ఆ మాట. నా మొగ్గు చాలావరకు చెల్లెలి వైపే. ఒక్క విషయంలో మాత్రం అన్నయ్య చెప్పిందే సరైనది.

అన్నయ్య: నన్ను పాతకాలం వాడి కింద జమకట్టకు. ఆడపిల్లని ఒంటరిగా ఎలా పంపుతానని నేను అనడం లేదు. హాస్టల్లో వేసిన రోజే ఆ మాట అయిపోయింది. నా బాధంతా లెక్కతోనే. అక్కడ ఇచ్చేది డిగ్రీ కాదు, ఉద్యోగం కాదు, ఒక మార్కుల కాగితం. దానికి పన్నెండు లక్షలా?

చెల్లెలు: ఆ పన్నెండు లక్షలూ ఎవరికో కట్టే ఫీజు కాదుగా అన్నయ్యా! బ్యాంకువాడివి, నీకు నేను చెప్పాలా? వీసాకి చూపించాల్సింది 11,904 యూరోలు. బ్లాక్డ్ అకౌంట్‌లో అది పిల్ల పేరు మీదే ఉంటుంది. నెలకి 992 యూరోల చొప్పున దాని ఖర్చుకే వదులుతారు. వాడుకోగా మిగిలింది మనదే. ఎక్స్ఛేంజ్ కాబట్టి అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, ఇక్కడి ఫీజు ఇక్కడే కడతావు. అక్కడ సెమిస్టర్‌కి మూడు వందల యూరోల చుట్టుపక్కల కట్టాలి. బస్సు పాసు కూడా అందులోదే.

అన్నయ్య: మిగిలేది ఏమీ ఉండదులే. హెల్త్ ఇన్సూరెన్సే నెలకి 140 యూరోలు దాటుతుందని నేనూ చదివాను. గది అద్దె, తిండి, పైన టికెట్లు, చలి బట్టలు. సరే, ఎలాగో సర్దుతాననుకో. ఇది పెట్టుబడి అవుతుందా, ఖర్చు అవుతుందా? అది తేల్చి చెప్పు.

చెల్లెలు: ఖర్చే. పెట్టుబడి అనుకుని పంపితే ఆ పిల్ల అక్కడ దిగిన రోజు నుంచీ నీ వడ్డీ లెక్కపెట్టుకుంటూ బతుకుతుంది. శనివారం వస్తే గోడౌన్లో పార్సిళ్ళు సర్దడానికి పోతుంది. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకోవచ్చని అక్కడి చట్టమే ఒప్పుకుంటుంది. రెండేళ్ళ మాస్టర్స్‌కి పోయినవాళ్ళకి ఆ అవసరం ఉంటుంది, వాళ్ళని నేను తప్పుపట్టను. ఉన్నదే ఒక్క ఏడాది అయినప్పుడు అందులో 140 రోజులు గోడౌన్లో పోతే ఇంక మనుషుల్ని కలిసేదెప్పుడు? నీకు ఇబ్బందైతే సగం నేను పెడతాను. తిరిగి సంపాదించుకు రమ్మని మాత్రం పంపొద్దు.

అన్నయ్య: డబ్బు సంగతి పక్కన పెట్టు. ప్లేస్‌మెంట్ల మాటేమిటి? మన కాలేజీలో నాలుగో ఏడాది మొదలవగానే, జూలై, ఆగస్టుల్లో కంపెనీలు వస్తాయి. జర్మనీలో శీతాకాలం సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలు, వేసవి సెమిస్టర్ క్లాసులు జూలై దాకా, ఆ తరవాత పరీక్షలు. ఇది తిరిగి వచ్చేసరికి మంచి కంపెనీలు రెండో మూడో వచ్చి వెళ్ళిపోయి ఉంటాయి. మూడో ఏడాది తరవాత అందరూ చేసే ఇంటర్న్‌షిప్ కూడా పోయినట్టే. పక్క గదిలో పిల్ల ఆఫర్ లెటర్ పట్టుకుని ఉంటే ఇది పెట్టె సర్దుకుంటూ ఉంటుంది.

చెల్లెలు: అది నష్టమే. కాదనను. చాలా శాఖల్లో పరీక్షలు రెండు విడతలుగా పెడతారు, మొదటి విడతలోనే రాసేసి ఆగస్టు మొదట్లో రావచ్చు. అయినా కొంత పోతుంది. ఆ పోయేది పోతుందని తెలిసి వెళ్ళాలి. అన్నీ కలిసివస్తాయని పిల్లకి ఆశపెట్టి పంపితే అక్కడ కూర్చుని స్నేహితుల ఆఫర్లు ఫోన్లో చూసుకుని ఏడుస్తుంది. ఇప్పుడే కూర్చోబెట్టి, ‘ఈ కంపెనీలు నీకు ఉండవు, పర్లేదా?’ అని అడుగు. దాని నోటితో అది చెప్పాలి.

అన్నయ్య: అడుగుతాను. నేను అడగాల్సింది ఇంకొకటుంది, అది పిల్లని కాదు, కాలేజీని. అక్కడ సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు, ఏడాదికి 60. మన క్రెడిట్లు వేరు. అక్కడ 1 అంటే అన్నిటికంటే ఎక్కువ మార్కు, 4 అంటే బొటాబొటీగా పాసు. మన దగ్గర పదికి లెక్క. అక్కడ 2.3 తెచ్చుకుంటే మన మెమోలో అది ఎంతవుతుంది? ఎవరు వేస్తారు? అక్కడ చదివిన పేపరు మన సిలబస్‌లో ఏ పేపరుకి బదులు? ఇవన్నీ నోటిమాటగా ‘చూసుకుందాం సార్’ అంటున్నారు. పిల్ల వచ్చాక ‘ఈ రెండు పేపర్లు సరిపోలేదు, మళ్ళీ రాయాలి’ అంటే అప్పుడు ఎవరిని పట్టుకోను?

చెల్లెలు: లెర్నింగ్ అగ్రిమెంట్ ఉంటుంది అన్నయ్యా. అక్కడివాళ్ళూ ఇక్కడివాళ్ళూ పిల్లా ముగ్గురూ సంతకాలు పెడతారు.

అన్నయ్య: అందులో పేపర్ల పేర్లుంటాయి. మార్కులు ఎలా మారుస్తారో ఉండదు. అక్కడికి వెళ్ళాక ఒక పేపరు దొరక్క ఇంకోటి తీసుకుంటే ఏం చేయాలో ఉండదు. బ్యాంకులో ముప్పై ఏళ్ళు కాగితాలే చూశాను నేను. సంతకం ఉన్నంత మాత్రాన సరిపోదమ్మా, దేని కింద సంతకం ఉందో చూడాలి.

నేను అన్నయ్య పక్షం వహించేది ఇక్కడే. ఈ ఏడాది గురించి పెద్దలు భయపడేవాటిలో సగం ఊహలు. ఇది మాత్రం నిజమైన గొయ్యి. కాలేజీ ఎంత ఉత్సాహంగా ఒప్పందం మీద ఫొటో దిగినా, మార్కులు ఎక్కించేది పరీక్షల విభాగం. ఆ విభాగంలో గుమాస్తా ముందు పెట్టడానికి ఒక ఉత్తర్వు ఉండాలి. అక్కడి ఏ పేపరు ఇక్కడి దేనికి సమానం, గ్రేడు మార్చే సూత్రం ఏది, ఐదు, ఆరు సెమిస్టర్లకి అటెండెన్స్ ఎలా చూపిస్తారు, పేపరు మారితే ఎవరికి ఎన్నాళ్ళలో రాసి ఒప్పించుకోవాలి అన్న నాలుగు ప్రశ్నలకి అచ్చులో జవాబు చేతికొచ్చాకే టికెట్ కొనాలి. తల్లిదండ్రులు సూట్‌కేసు కొనడానికి పెట్టే శ్రద్ధ దీనికి పెట్టడం లేదు. పిల్లలకైతే ఇలాంటి ప్రశ్న ఒకటి ఉందనే తెలియదు.

చెల్లెలు: ఒప్పుకున్నాను. ఆ కాగితం లేకుండా పంపొద్దు. చదువు గురించి నేను భయపడేది ఇంకొకటి ఉంది. మన పిల్లలు మిడ్ పరీక్షలకీ అసైన్‌మెంట్లకీ అటెండెన్స్‌కీ అలవాటు పడ్డారు. ఎవరో ఒకరు వెనకనుంచి తోస్తూనే ఉంటారు. అక్కడ చాలా పేపర్లకి సెమిస్టర్ చివర ఒక్కటే పరీక్ష. అప్పటిదాకా నువ్వు వచ్చావా రాలేదా, చదివావా లేదా అని అడిగే దిక్కు ఉండదు. పైగా పరీక్షకి విడిగా పేరు నమోదు చేసుకోవాలి. గడువు తేదీ దాటితే ఎంత బాగా చదివినా హాల్లోకి రానివ్వరు. మనవాళ్ళకి ఆ స్వేచ్ఛ మొదటి రెండు నెలలూ బాగుంటుంది. జనవరి వచ్చేసరికి కంగారు మొదలవుతుంది. ఇప్పటినుంచే ఎవరూ చెప్పకుండా ఒక పుస్తకాన్ని తనంతట తాను మొదటినుంచి చివరిదాకా చదివే అలవాటు చేసుకోమను. ఇంతకు మించిన తయారీ లేదు.

అన్నయ్య: ఇంగ్లీషులోనే కదా పాఠాలు?

చెల్లెలు: పాఠాలు ఇంగ్లీషులో దొరుకుతాయి. బతుకు దొరకదు. ఐదో సెమిస్టర్ ఇక్కడ చదవక్కర్లేదు కాబట్టి జూలై నుంచి సెప్టెంబర్ దాకా బుజ్జికి మూడు నెలలు ఖాళీ. హైదరాబాదులో నా దగ్గర ఉంచు. గోటె సెంటర్‌లో జర్మన్ క్లాసుల్లో చేర్పిస్తాను, ఏ1 స్థాయి పూర్తిచేసి ఏ2లో కొంతైనా చదివి వెళ్తుంది.

అన్నయ్య: మూడు నెలల జర్మన్‌తో ఏం మాట్లాడుతుంది?

చెల్లెలు: తప్పులతో మాట్లాడుతుంది. అది చాలు. క్లాసులో పక్కన కూర్చున్నవాళ్ళు ఇంగ్లీషులో సరదాగానే జవాబిస్తారు. క్లాసు అయ్యాక వాళ్ళలో వాళ్ళు జర్మన్‌లోకి పోతారు. అది పొగరు కాదు, మనం తెలుగులోకి పోమూ, అలాంటిదే. ఆ నిమిషంలో పక్కన నిలబడి నవ్వడానికైనా కొంత అర్థం కావాలి. నేను గోట్టింగెన్ ల్యాబులో చేరిన కొత్తల్లో మధ్యాహ్నం అందరూ కలిసి కాంటీన్‌కి వెళ్ళేవాళ్ళు. మొదటి నెల నా కోసం ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళు, పాపం. నాకు తెలుస్తూనే ఉండేది, నేనుంటే వాళ్ళ జోకులన్నీ సగానికి ఆగిపోతున్నాయని. భాష కొంచెం పట్టుబడ్డాక ఒక రోజు నా ప్రయోగం గురించి గుంపు ముందు చెప్పాను, చివర రెండు వాక్యాలు జర్మన్‌లో. అయిపోగానే అందరూ వేళ్ళ కణుపులతో బల్ల మీద టకటకా కొట్టారు. అక్కడ క్లాసుల్లో చప్పట్లు కొట్టరు, బల్ల కొడతారు. ఆ రోజు నుంచీ నాతో జర్మన్‌లోనే మాట్లాడడం మొదలుపెట్టారు, నాకు సగం అర్థం కాకపోయినా సరే.

అన్నయ్య: నువ్వు గట్టిదానివి. బుజ్జి అలా కాదు. హోటల్లో ఇంకో చట్నీ అడగాలన్నా నా వైపు చూస్తుంది. అందుకే నేను ఒక ఏర్పాటు చేశాను. ఆఖెన్‌లో మన కృష్ణాజిల్లా పిల్లలే నలుగురున్నారు, మాస్టర్స్ చదువుతున్నారు. ఒక ఫ్లాట్‌లో ఉంటారు. ఒక గది ఖాళీ అవుతోందట. వంట వంతులవారీగా చేసుకుంటారు. స్టేషన్‌కి వచ్చి తీసుకెళ్తామన్నారు.

చెల్లెలు: ఆ ఫ్లాట్ వద్దు.

అన్నయ్య: ఎందుకు వద్దు? జర్మనీలో ఇప్పుడు మన దేశం పిల్లలు యాభై వేలు దాటారు. విదేశీ విద్యార్థుల్లో అందరికంటే ఎక్కువ మనవాళ్ళే. వాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళా, కలిసి ఉంటున్నారంటే?

చెల్లెలు: వాళ్ళు అక్కడ ఉద్యోగాల కోసం, చాలా ఏళ్ళు ఉండడానికి వెళ్ళారు. కలిసుంటే ఖర్చు తగ్గుతుంది, ధైర్యం ఉంటుంది. బుజ్జి ఉండేది ఒక ఏడాది. పొద్దున్న ఉప్మా, రాత్రి పప్పు, ఆదివారం తెలుగు సినిమా, మధ్యలో క్లాసు. అంత మాత్రానికి ఆఖెన్ ఎందుకు, గచ్చిబౌలిలోనే ఉండొచ్చు. స్టూడెంట్ హాస్టల్‌కి, అడ్మిషన్ ఉత్తరం వచ్చిన రోజే దరఖాస్తు పెట్టమను. ఒక వరసలో పదీ పన్నెండు గదులు, అందరికీ ఒకటే వంటిల్లు ఉండే హాస్టళ్ళుంటాయి. చోటు దొరకడం కష్టం, నెలల తరబడి జాబితా. అందుకే ఆలస్యం చేయకూడదు. ఇంకో మాట. ఇంటర్నెట్‌లో గది ఫొటోలు పెట్టి, ‘నేను ఊళ్ళో లేను, డిపాజిట్ పంపిస్తే తాళంచెవి కొరియర్‌లో పంపుతాను’ అనేవాళ్ళుంటారు. అలాంటివాళ్ళకి ఒక్క రూపాయి పంపొద్దు.

అన్నయ్య: జ్వరం వస్తే? అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే? నీ వంటింటి స్నేహితులు వస్తారా, మన పిల్లలు వస్తారా?

చెల్లెలు: ఇద్దరూ వస్తారు. ఆ నలుగురి నంబర్లూ దాని దగ్గర ఉండనీ. పండక్కి వెళ్ళనీ. నేను వద్దంటున్నది వాళ్ళింట్లో కాపురం.

ఈ చోట చెల్లెలు కొంచెం కటువుగా మాట్లాడిందని నాకనిపించింది. పరాయి ఊళ్ళో రాత్రి పూట రైలు దిగిన పిల్లకి ఎదురొచ్చి పెట్టె అందుకునే తెలుగు కుర్రాళ్ళ రుణం చిన్నది కాదు. అక్కడ ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు నగర కార్యాలయానికి వెళ్ళి చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇల్లిచ్చినవాళ్ళు సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ నమోదు కాగితం ఉంటేనే మిగతా పనులు కదులుతాయి. ఇలాంటివి ముందు చేసి ఉన్నవాళ్ళు పక్కనుంటే వారం పట్టే పని పూటలో అవుతుంది. కాబట్టి మొదటి నాలుగు రోజులు ఆ ఫ్లాట్‌లో దిగి, తరవాత హాస్టల్‌కి మారడమే మంచిది. ఇద్దరూ చివరికి దానికే వచ్చారు.

అన్నయ్య: సరే, వంటిల్లు అన్నావు. మీ వదిన చిన్న మిక్సీ కొని ఉంచింది. ఆవకాయ, చికెన్ పచ్చడి, రెండు కిలోల నెయ్యి, కరివేపాకు.

చెల్లెలు: నెయ్యి, చికెన్ పచ్చడి తీసెయ్యమను. మాంసం, పాలతో చేసినవి బయటి దేశాల నుంచి ప్రయాణికులు యూరప్‌లోకి తీసుకురాకూడదు, పట్టుకుంటే పారేస్తారు. పచ్చి కరివేపాకూ అంతే, మొక్కల ఆరోగ్యం గురించి సర్టిఫికెట్ ఉండాలి. మామిడికాయలకీ అదే రూలు. అరటిపళ్ళు, కొబ్బరికాయ మాత్రం పర్లేదు. ఆవకాయ పెట్టుకోవచ్చు, నూనె కారకుండా గట్టిగా కట్టాలి. దుబాయ్ మీదుగా టికెట్ తీస్తే గసగసాలు పొరపాటున కూడా పెట్టొద్దు, అక్కడ అవి నిషిద్ధం. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 2024 నుంచి నేరుగా విమానం ఉంది. అదైతే ఏ గొడవా లేదు, అక్కడి నుంచి రైలు.

అన్నయ్య: మిక్సీ?

చెల్లెలు: కరెంటు మన కరెంటే, 230 వోల్టులు. మూడు పిన్నుల ప్లగ్గు పట్టదు, అడాప్టర్ కావాలి. ఎప్పుడు వేస్తుందన్నదే ముఖ్యం. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా చప్పుడు చేయకూడదు, ఆదివారం రోజంతా అదే నియమం. మన ఇళ్ళలో ఆదివారం పొద్దున్నే కదా ఇడ్లీపిండి రుబ్బేది? అక్కడ అలా చేస్తే పక్కగదివాళ్ళు వచ్చి తలుపు కొడతారు. పోపు పెట్టేముందు కిటికీ తెరవాలి, లేకపోతే పొగ అలారం మోగి భవనం మొత్తం కిందకి దిగుతుంది. ఆదివారం కొట్లుండవు కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. ఇవన్నీ ముందు తెలిస్తే ఇబ్బంది లేదు. తెలియకపోతే మొదటి వారంలోనే ‘ఆ ఇండియా అమ్మాయి’ అని ముద్రపడుతుంది.

అన్నయ్య: ఆ ముద్ర గురించే అడుగుదామనుకుంటున్నాను. రోడ్డు మీద ఎవరైనా ఏదైనా అంటే?

చెల్లెలు: అనేవాళ్ళు కొందరుంటారు. లేరని చెప్పను. పోలీసు 110, అంబులెన్స్ 112, ఈ రెండు నంబర్లూ కంఠతా ఉండాలి. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు ఉంటుంది, దాచుకోకుండా అక్కడ చెప్పాలి. దానికంటే నేను ఎక్కువ భయపడేది నవంబర్ గురించి. డిసెంబర్ వచ్చేసరికి ఆఖెన్‌లో ఎనిమిదిన్నరకి తెల్లవారుతుంది, నాలుగున్నరకే చీకటి పడుతుంది. మబ్బు, ముసురు. అప్పటికి కొత్త తగ్గిపోయి ఉంటుంది, స్నేహాలు ఇంకా కుదిరి ఉండవు. పిల్లలు మంచం దిగడం మానేస్తారు. మనకేమో అదే టైములో రోజూ వీడియో కాల్ చేసి ‘తిన్నావా, ఏం తిన్నావు, ముఖం అలా ఉందేం?’ అని అడగడం. అన్నయ్యా, కోప్పడకు. రోజూ చేయొద్దు.

అన్నయ్య: మీ వదిన ఒప్పుకోదు.

చెల్లెలు: నువ్వు ఒప్పుకోవని చెప్పు. రోజూ గంటసేపు బందరు ఇంట్లో కూర్చుని ఉంటే ఆ పిల్ల ఆఖెన్‌లో ఉన్నదెప్పుడు? వారానికి రెండుసార్లు మాట్లాడండి. మధ్యలో అది చేస్తే ఎత్తండి. నవంబర్ రాకముందే ఏదో ఒక జట్టులో చేరమను. ఈత, పాటలు, పర్వతాలెక్కే క్లబ్బు, ఏదైనా సరే. యూనివర్సిటీ ఆటల తరగతులకి రుసుము చాలా తక్కువ. మంగళవారం సాయంత్రం ఫలానా చోట నా కోసం ఎవరో ఎదురుచూస్తారు అన్నది ఉంటే చాలు, ఎంత ముసురైనా మనిషి లేచి వెళ్తుంది. ఇక్కడ సందేహం లేకుండా చెబుతున్నాను, మాత్రలకంటే అది ముఖ్యం. మాత్రలు కూడా పెట్టు, డాక్టరు చీటీతో. అక్కడ యాంటీబయోటిక్ మందులషాపులో అడిగితే ఇవ్వరు.

అన్నయ్య: ఇవన్నీ అది పుచ్చుకునేవి. భాష, చదువు, స్నేహాలు. నాకొకటి అర్థం కాదు. ఆ దేశానికి ఏం పని, మన పిల్లకి ఫీజు లేకుండా సీటిచ్చి చదివించడానికి?

చెల్లెలు: వాళ్ళకి యుద్ధాలు నేర్పిన పాఠం అది. ఆఖెన్‌నే తీసుకో. 1944 అక్టోబర్‌లో మిత్రసేనలకి చిక్కిన మొదటి జర్మన్ నగరం అదే. చాలా భాగం నేలమట్టం అయింది. అమెరికాలో 1946లో విద్యార్థుల రాకపోకల కోసం ఫుల్‌బ్రైట్ పథకం పెట్టినప్పుడు యుద్ధంలో మిగిలిన సామాను అమ్మగా వచ్చిన సొమ్ముతో నడిపారు. 1963లో ఫ్రాన్సూ జర్మనీ ఒప్పందం చేసుకుని, ఆ ఏడాదే ఇరుదేశాల పిల్లల రాకపోకల కోసం ఒక సంస్థ పెట్టాయి. వీళ్ళ తండ్రులూ తాతలూ ఒకళ్ళనొకళ్ళు చంపుకున్నవాళ్ళు. 1987లో యూరప్ దేశాల మధ్య ఎరాస్మస్ అనే ఎక్స్ఛేంజ్ పథకం మొదలైంది, పదకొండు దేశాల నుంచి మూడు వేల పైచిలుకు పిల్లలతో. ఇప్పుడు ఆఖెన్‌లో బస్సెక్కితే నెదర్లాండ్స్‌లో దిగుతావు. ఆ పిల్లలు ఒకళ్ళింట్లో ఒకళ్ళు తిని పెరిగినందువల్ల కూడా అది సాధ్యమైంది. వాళ్ళు మన పిల్లకి సీటిచ్చేది దాని మార్కులు చూసి మురిసిపోయి కాదు. తమ పిల్లల పక్కన ఇంకో ఊరి మనిషి కూర్చోవాలని.

అన్నయ్య: అంటే బుజ్జి వాళ్ళకి బందరు గురించి చెప్పాలన్నమాట.

చెల్లెలు: చెప్పగలగాలి. అడుగుతారు కాబట్టి. మీ ఊరు ఎలా ఉంటుంది, కులం అంటే ఏమిటి, మీ పెళ్ళిళ్ళు ఎవరు కుదురుస్తారు? కొన్ని ప్రశ్నలు మోటుగా ఉంటాయి. తెలుసుకోవాలనే అడుగుతారు చాలామంది. ‘ఇండియా గ్రేట్’ అని దులిపేసుకుంటే మాట అక్కడితో ఆగిపోతుంది. మన తప్పులు ఒప్పుకుని, మన మంచి చెప్పగలిగితే ఆ రాత్రి వంటింట్లో పన్నెండింటిదాకా కబుర్లే. దానికి తయారవ్వాలి. వెళ్ళేలోపు ఒక రోజు బుజ్జిని పెడన తీసుకెళ్ళు.

అన్నయ్య: పెడనా? పదిమైళ్ళు లేదు. అక్కడేముంది చూడ్డానికి?

చెల్లెలు: కలంకారీ అద్దకం మొదటినుంచీ చూడమను. దుకాణం కాదు, అద్దేచోటు. గుడ్డని కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఎండేస్తారు, లేత పసుపు రంగుకి వస్తుంది. నల్లరంగు కోసం తుప్పు ఇనుమూ బెల్లమూ రోజుల తరబడి నానబెట్టిన నీళ్ళు. కొయ్య అచ్చు ఆ నీళ్ళలో ముంచి గుడ్డ మీద వేస్తే, కరక్కాయలో ఉన్న టానిన్‌తో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. ఎరుపుకి ఇంకో పద్ధతి. అచ్చుతో వేసేది రంగు కాదు, పటిక నీళ్ళు. గుడ్డని తరవాత రంగునీళ్ళలో ఉడకబెడితే పటిక పడ్డచోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట కడిగితే పోతుంది. కెమిస్ట్రీ మొదటి ఏడాది పిల్లలకి నేను ఈ పాఠం దీంతోనే చెబుతాను. 1605లో డచ్చివాళ్ళు బందరులో దిగింది ఈ గుడ్డల కోసమే. వాళ్ళ సమాధులు మన ఊళ్ళోనే ఉన్నాయి, మనం సైకిలు మీద వాటి పక్కనుంచే బడికి వెళ్ళేవాళ్ళం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో కోరమాండల్ తీరం అద్దకాలు దాచిపెట్టారు. ఆఖెన్ నుంచి రైల్లో వెళ్ళిరావొచ్చు. బుజ్జి తన వరస గదుల్లో ఉండే ఏ డచ్చి పిల్లతోనైనా కలిసి వెళ్ళి ఆ గుడ్డ ముందు నిలబడి, ఇది ఎలా చేస్తారో నేను చూశాను, మా ఊరి పక్కనే, అని చెప్పగలిగితే, ఇంకేం కావాలి?

ఈ మాటల తరవాత అన్నయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తన ఊరి గురించి తనకి తెలిసింది తక్కువని కాదు, అది కూతురికి ఎప్పుడూ చెప్పలేదని ఆయన తరవాత నాతో అన్నాడు. బందరులో పుట్టిన పిల్లలు ఇంటర్‌కే ఊరు వదులుతున్నారు, వాళ్ళకి ఊరంటే సెలవుల్లో వచ్చే ఇల్లు. చెల్లెలు చెప్పిన తయారీల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది పెడన ప్రయాణమే. అది ఏ ఏజెన్సీ ఇచ్చే చెక్‌లిస్టులోనూ ఉండదు.

అన్నయ్య: ఆదివారం తీసుకెళ్తాను. సంక్రాంతికి మాత్రం వారం రోజులు ఇంటికి రానీ. మొదటిసారి కదా, పండగపూట అది లేకపోతే మీ వదిన ముద్ద ముట్టదు.

చెల్లెలు: జనవరిలో క్లాసులుంటాయి అన్నయ్యా, ఫిబ్రవరి మొదటి వారాల దాకా. క్రిస్మస్‌కి రెండు వారాలు సెలవులిస్తారు, అప్పుడైనా రప్పించొద్దు. ఆ రోజుల్లో ఎవరైనా ఇంటికి పిలుస్తారు. పిలిచిన ఇంటికి వెళ్ళాలి. మీకు చూడాలనుంటే మార్చిలో మీరే వెళ్ళండి. పరీక్షలు అయిపోయి ఉంటాయి, వేసవి క్లాసులు ఏప్రిల్‌లో గానీ మొదలవ్వవు. షెంగెన్ వీసాకి ముప్పై వేల యూరోలకి తగ్గకుండా మెడికల్ ఇన్సూరెన్స్ చూపించాలి, జనవరిలోనే అప్లై చేసుకోండి. బుజ్జి మిమ్మల్ని బస్సెక్కించి, జర్మన్‌లో టికెట్ అడిగి, ఊరు చూపిస్తుంది.

అన్నయ్య: హోటల్లో చట్నీ అడగని పిల్ల!

చెల్లెలు: అదే. ఆ కాలేజీ కాగితం సంగతి సోమవారం తేల్చుకుందాం. నేను రెండు రోజులు సెలవు పెట్టి ఉంటాను. ప్రిన్సిపాల్ దగ్గరికి నేనూ వస్తాను, నువ్వు మాట్లాడితే గొడవైపోతుంది.

అన్నయ్య: నువ్వూ రావద్దు, నేనూ వెళ్ళను. ఆ నాలుగు ప్రశ్నలూ కాగితం మీద రాసిస్తాను. పరీక్షల విభాగానికి బుజ్జే వెళ్ళి అడగాలి. ఆ ఉత్తర్వు చేతికొచ్చేదాకా బ్లాక్డ్ అకౌంట్‌లో రూపాయి వెయ్యను.

చెల్లెలు: ఒకసారి వెళ్తే ఇవ్వరు, తిప్పుతారు.

అన్నయ్య: తిప్పనీ. హాస్టల్ నుంచి నడిచి వెళ్ళే దూరమే. మళ్ళీ వెళ్తుంది.